పైకప్పు బోల్టుల గురించి మా ఖాతాదారులకు

గత వేసవిలో మా కార్ఖానాలో దూలాలు, వాసాలు చేయించుకున్నవారికి ఈ సంగతి మా ద్వారానే తెలియాలని రాస్తున్నాను. కరిగిన జింకులో ముంచి పూత వేసినవని బిల్లులో రాసిన వ్యాపారి, పెట్టెల్లో పై వరుస మాత్రమే అటువంటి బోల్టులు పేర్చి, అడుగున కరెంటు పూత వేసినవి కలిపి పంపారు. ముంచిన పూత 40 మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పైగా ఉంటుంది; కరెంటు పూత సాధారణంగా 5 నుంచి 12 మైక్రాన్లే. అంతర్వేది వైపు ఒక ఇంట్లో, టేకు ఆరి కుదించుకున్నాక మామూలుగా చేసే బిగింపుకు వెళ్లినప్పుడు, వాషరు అంచున జింకు పూత చెడితే వచ్చే తెల్లని పొడి, దాని కింద దూలం మీద ఎర్రటి తుప్పు వలయం కనిపించాయి.

అడిగితే ఆ వ్యాపారి, సముద్రం పక్కన ఏ ఇనుమైనా తుప్పు పట్టేదేనన్నారు. మా నాన్నగారి కాలం నుంచి ఆయన దగ్గరే కొన్నాము. ఇకమీదట ఒక్క వాషరు కూడా కొనము.

బోల్టులు మానేసి పాతపద్ధతిలో మేకులతోనే కానిమ్మని కొందరు హితులు చెప్పారు. నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోను. 1996 నవంబర్ 6 రాత్రి తుపాను కోనసీమను ఏం చేసిందో చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. గాలి చూరు కిందికి దూరి కప్పును పైకి లేపుతుంది. మేకు కేవలం చెక్క పట్టు మీదే నిలుస్తుంది గనుక ఊడివస్తుంది, ఈ వైపు నుంచి ఆ వైపుకు దూర్చిన బోల్టు మాత్రం రెండు పక్కలా వాషర్లతో వాసాన్నీ దూలాన్నీ కలిపి పట్టి ఉంచుతుంది.

నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న మరొకటి: అందరికీ స్టెయిన్‌లెస్ స్టీలు వేయాలా? అందులో 304 అనే రకానికి ఉప్పుగాలిలో మరకలు పడతాయి, 316 రకం మెరుగ్గా తట్టుకుంటుంది, కానీ ధర చాలా ఎక్కువ. పైగా నూనె రాయకుండా గట్టిగా బిగిస్తే నట్టు మరలోనే పట్టేసి, విప్పాలంటే కోయవలసి వస్తుంది. ఎన్నో రకాలుగా ఆలోచించి, తీరానికి దగ్గరి ఇళ్లకు 316 రకం బోల్టు, నట్టు, వాషరు మూడూ అదే లోహంతోనూ, లోపలి ఊళ్లకు ముంచిన పూతవీ వాడాలని నిర్ణయించాను. లోహాలు కలిస్తే జింకు పూత త్వరగా పోతుంది కనుక ఒకే కీలులో రెండు రకాలూ కలపము.

ఆ సరుకు వాడిన ప్రతి ఇంట్లోనూ తుపానుల కాలానికి ముందే మా ఖర్చుతో బోల్టులు మారుస్తాము. పెంకులు దించి మళ్లీ పేర్చే కూలి కూడా మాదే. కొత్త పనులకు ధర పెరుగుతుంది, బిల్లులో బోల్టుల రకం, లెక్క విడిగా రాస్తాము.