కృష్ణా నదికి దీర్ఘం తీసేయకండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తిన వార్తకు మీ పత్రిక పెట్టిన శీర్షికలో ‘కృష్ణ నది’ అని ఉంది. లోపలి పేజీలో ‘కృష్ణ జిల్లా’ అని ఉంది. 34 ఏళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని. పైగా నా పేరూ కృష్ణే. చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

కృష్ణ అంటే నలుపు. భారతంలోనే ఆ పేరు నలుగురికి ఉంది: వాసుదేవుడు, కృష్ణద్వైపాయనుడైన వ్యాసుడు, అర్జునుడు, ద్రౌపది. ఉరుము ఉరిమితే చిన్నప్పుడు చెవులు మూసుకుని చదివిన ‘అర్జునః ఫల్గుణః’ శ్లోకంలో ‘విజయః కృష్ణః’ అని వస్తుంది, అది అర్జునుడే. నాసిక్ గుహ శాసనంలో శాతవాహన రాజు ‘కణ్హ’ పేరు ఈ మాటకే ప్రాకృత రూపం. ఎల్లోరా కైలాసాలయం తొలిపించిన రాష్ట్రకూట రాజు కృష్ణుడు. మన రాష్ట్ర జంతువు కృష్ణ జింక. నది తెలంగాణలో అడుగుపెట్టే నారాయణపేట జిల్లాలో కృష్ణ అని ఒక ఊరు, రైల్వే స్టేషను ఉన్నాయి.

వీళ్లలో ద్రౌపది, నది ఆడవాళ్లు. సంస్కృతంలో ఇద్దరూ ‘కృష్ణా’. తెలుగులోకి వచ్చేసరికి సీతా సీత అయినట్టు, గంగా గంగ అయినట్టు, కృష్ణా కృష్ణ అవుతుంది. ‘కృష్ణ పొంగింది’ అంటే తప్పు లేదు, మా దివిసీమలో అందరం అలాగే అంటాం. పక్కన ‘నది’ చేరితే మాత్రం దీర్ఘం నిలవాలి. గంగ నది అని ఏనాడూ రాయని మీరు కృష్ణ నది అని ఎందుకు రాయాలి?

నేను పుట్టినప్పుడు ‘నల్లపిల్ల’ అని నిట్టూర్చిన చుట్టాలను కూర్చోబెట్టి నాన్న ద్రౌపది కథ చెప్పారట. యాగవేదిక నుంచి పుట్టిన ఆ నల్లని పిల్ల పేరే నాకు పెట్టారు. నా పింఛను కాగితంలో ‘శ్రీ కృష్ణ, పురుషుడు’ అని అచ్చయింది. దిద్దించడానికి మూడుసార్లు తిరిగాను. ‘ఆడవాళ్లకు కూడా ఈ పేరుంటుందా అండీ?’ అని అడిగాడు అక్కడి కుర్రవాడు. బయటికి తీసుకెళ్లి కరకట్ట మీద నిలబెట్టి, ‘అదిగో, ఆవిడ పేరు నాయనా’ అని చూపించాను. వరదలో ఎర్రమట్టి రంగు నీళ్లు మార్గశిరానికి తేటపడతాయి, సాయంత్రపు నీడలో నల్లగా నిగనిగలాడతాయి. ఆ రోజు అలాగే ఉన్నాయి. అతను కాసేపు చూసి, లోపలికి వచ్చి దిద్దాడు.

2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీసినప్పుడు విజయవాడ కృష్ణా జిల్లాలో లేకుండా పోయింది. దానిమీద నాకు పేచీ లేదు. మిగిలిన జిల్లాకైనా పేరు సరిగా రాయండి. 2028లో పుష్కరాలు వస్తున్నాయి. బోర్డులు, కరపత్రాలు రాసేవాళ్లు పత్రికలు చూసే రాస్తారు. ఈలోగా మీ డెస్కులో అందరికీ కనిపించేలా ఒక కాగితం అంటించండి: కృష్ణా నది, కృష్ణా జిల్లా, కృష్ణా పుష్కరాలు. కృష్ణ జింకకు, కృష్ణ పక్షానికి దీర్ఘం అక్కరలేదు.

కృష్ణ,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
అవనిగడ్డ