మూసే వేళ కాదు, ఆఖరి ఆర్డరు వేళ రాయండి

సంపాదకుల వారికి,

యాత్రల పేజీల్లో రెస్టారెంట్ల పేర్ల పక్కన వేళలు వేస్తుంటారు. వాటిని నమ్ముకుని, ఊరు కాని ఊళ్లో భార్య పుట్టినరోజో భర్త పుట్టినరోజో మంచి భోజనంతో జరుపుకుందామనుకున్న వాళ్లు దెబ్బతినేది చాలావరకు వంట దగ్గర కాదు, గడియారం దగ్గర. బోర్డు మీద ‘మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు’ అని ఉందంటే 3 గంటలు తలుపు మూసే వేళ. ఆఖరి ఆర్డరు సాధారణంగా 2.30కే ఆగిపోతుంది. 2.40కి చేరిన దంపతులకు కుర్చీలు దొరుకుతాయి గానీ మెనూలో ఏది అడిగినా ‘అయిపోయిందండీ’ అన్న మాటే. లోపల పొయ్యిలు ఒక్కొక్కటే ఆపుతుంటారు, ఇవతల నేల తుడవడం మొదలవుతుంది. పక్కన తడి గుడ్డ తిరుగుతుంటే కేక్ కోయడం ఏం ముచ్చట?

అలాగని ఈ వేడుకను రాత్రికి మార్చుకోమని చెప్పను. ప్రయాణంలో రాత్రి భోజనం ఇంకా నమ్మలేనిది. పగటి ఆలస్యాలన్నీ పోగై దాని నెత్తిన పడతాయి. మధ్యాహ్నమే మేలు, కాకపోతే లెక్క సరిగ్గా వేసుకోవాలి. ఫోన్‌లో మ్యాప్ చూపించేది బండి నడిచే సమయం మాత్రమే. నాలుగు గంటల దారి అని చూపిస్తే రెండుసార్లు ఆగడానికి నలభై నిమిషాలు, పార్కింగ్ వెతకడానికి, ముఖం కడుక్కుని బట్టలు సర్దుకోవడానికి ఇరవై. అంటే ఐదు గంటలు. ఆ లెక్కన చేరే వేళ 12.30 అయ్యేలా బయలుదేరి, టేబుల్ ఒంటిగంటకు చెప్పుకోవాలి. చాలాచోట్ల పావుగంట చూసి టేబుల్ వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. ఆలస్యమవుతుందని తెలిసిన వెంటనే ఫోన్ చేస్తే తరచుగా ఆపి ఉంచుతారు. గుమ్మం ముందు నిలబడి బతిమాలితే ఆ గౌరవం దక్కదు.

బుకింగ్‌కు ఫోన్ చేసేది ముందురోజు మధ్యాహ్నం రద్దీ తగ్గాక. ఒంటిగంటకు చేస్తే ఎత్తినవాళ్లకు రాసుకునే తీరిక ఉండదు. ఎంతమంది, ఎన్నింటికి అన్నవి ఎవరైనా చెబుతారు. మరిచిపోయేవి వేరే ఉన్నాయి: పడని పదార్థాలు, బయటి కేక్ తేవచ్చా, దానికి రుసుం ఉందా, పెట్టెలు పెట్టుకునే చోటు ఉందా, టేబుల్ వంటగది తలుపు పక్కన పడకుండా చూస్తారా. చప్పట్లు కొడుతూ పాట పాడాలా వద్దా అన్నదీ అప్పుడే చెప్పాలి. నలుగురిలో సిగ్గుపడే మనిషికి అది కానుక కాదు, శిక్ష. పండగలకూ వారాంతపు సెలవులకూ ఇంటర్నెట్‌లోని వేళలు మారకుండా అలాగే ఉండిపోతాయి కాబట్టి బయలుదేరే రోజు పొద్దున మరోసారి అడగాలి.

చెప్పకుండా ఆశ్చర్యపరుద్దామనుకున్న వాళ్ల గుట్టు బయటపెట్టేది ఎక్కువగా ఫోనే. రెస్టారెంటు వాళ్లు ‘పుట్టినరోజు బుకింగ్ ఖాయమేనా సార్’ అని అడుగుతారు, ఫోన్ కారు స్పీకర్‌కు కలిపి ఉంటే ఆ మాట పక్క సీటుకే ముందు వినిపిస్తుంది. ముందుగా అడ్వాన్సు కడితే, ఉమ్మడి ఖాతా అయితే బ్యాంకు సందేశం ఇద్దరికీ వెళ్తుంది. సందేశాలే పంపమనడం, బ్లూటూత్ ఆపడం, సొంత ఖాతా నుంచి కట్టడం, ఇంతే పని. విదేశంలో కార్డు యంత్రం ఏ కరెన్సీలో కడతారని అడిగితే అక్కడి కరెన్సీనే నొక్కాలి. మన కరెన్సీ నొక్కితే మారకం రేటు అవతలివాళ్లు వేసిందే అవుతుంది, సాధారణంగా అది ఎక్కువ పడుతుంది.

కేక్ సంగతి. కారు సీటు వాలుగా ఉంటుంది కనుక బ్రేకు పడినప్పుడల్లా కేక్ పెట్టెలో ఒక పక్కకు జరిగి, క్రీమ్ అట్టకు అంటుకుంటుంది. కాళ్ల దగ్గర చదునుగా ఉన్న చోట, జారని గుడ్డ మీద పెట్టాలి. ఫ్రెష్ క్రీమ్‌ది బయట రెండు గంటలు, వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. మిగిలిన భోజనం పొట్లం కట్టించుకున్నా ఇదే లెక్క. ఎండలో ఆపిన కారులో దాన్ని వదిలేసి ఊరు చూడటానికి వెళ్లకూడదు. నిప్పురవ్వలు చిమ్మే కొవ్వొత్తులు బాణసంచా కిందికి వస్తాయి, విమానంలోకి చేతిసంచిలోనూ పెద్ద పెట్టెలోనూ అనుమతించరు. మామూలువైనా పొగ అలారం ఉన్న గదిలో అడిగే వెలిగించాలి. కొవ్వొత్తిని ఒక ముక్క మీదే పెట్టి ఊదించడం మంచిది. ఊదాక ఐసింగ్ మీద బ్యాక్టీరియా సగటున 1400 శాతం ఎక్కువ కనిపించిందని అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు బెదిరిపోనక్కర్లేదు, టేబుల్ మీద జలుబు చేసినవాళ్లుంటే మాత్రం పనికొచ్చే మాట.

దూరదేశాలకు విమానంలో వెళ్లేవాళ్లు దిగిన రోజునే ఈ భోజనం పెట్టుకోకండి. ఐదారు గంటల తేడా ఉన్న చోట ఆకలి పాత గడియారం ప్రకారమే వేస్తుంది, రెండో రోజో మూడో రోజో నయం. పసిఫిక్ మీదుగా పడమటికి వెళ్తే తేదీ ఒకటి ఎగిరిపోతుంది కూడా. పసిఫిక్‌లోని సమోవా దేశమైతే తేదీరేఖకు (దాటితే తేదీ మారే ఊహా రేఖకు) అవతలి వైపుకు మారుతూ 2011 డిసెంబరు 30ని ఏకంగా వదిలేసింది. ఆ రోజు పుట్టినవాళ్లకు ఆ ఏడాది అక్కడ పుట్టినరోజే లేదు!

తిన్నాక ఇంకా బండి నడపాల్సి ఉంటే మద్యం ముట్టకూడదు, కడుపు నిండా తినకూడదు. మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు తినకపోయినా ఒంటికి మగత వస్తుంది, భారీ భోజనం దాన్ని పెంచుతుంది. ఇరవై నిమిషాలు కునుకు తీసి బయలుదేరాలి, లేదా పుట్టినరోజు కాని మనిషి తక్కువ తిని స్టీరింగ్ పట్టుకోవాలి. ఘాట్ రోడ్డు ముందుంటే ఇద్దరూ తక్కువే తినాలి.

రెస్టారెంట్ల వాళ్లకు మీ పత్రిక ద్వారా విన్నపం: బోర్డు మీద, ఇంటర్నెట్‌లో, మూసే వేళ కింద ఆఖరి ఆర్డరు వేళ కూడా ఒక వరుసలో రాయండి. సంపాదకులు కూడా యాత్రల పేజీలో ఆ వేళే వేయించగలరు.

ఇట్లు,
ఓ పాఠకుడు