మన వీధి పాప వైద్యానికి వసూలైన డబ్బు: జమా ఖర్చులు

అందరికీ నమస్కారం. లెక్క పది రోజులు ఆలస్యమైంది. ఆసుపత్రి చివరి బిల్లు మొన్ననే చేతికొచ్చింది, అది లేకుండా రాస్తే మళ్లీ దిద్దుకోవాల్సి వచ్చేది.

ముందు జమ. ఖమ్మంలో మన వీధి 62 ఇళ్ల నుంచి 1,18,500, ఆటో స్టాండ్ నుంచి 21,600 (పాప నాన్న వాళ్లలో ఒకడు కదా, ఒక రోజు కిరాయంతా తెచ్చిచ్చారు), బయటి ఊళ్ల నుంచి ఫోన్‌పేలో 1,64,300, పోయిన వినాయక చవితి మిగులు 18,000. మొత్తం 3,22,400. చవితి డబ్బు ఎందుకు ముట్టుకున్నారని ఇద్దరు అడిగారు. అడగడం తప్పు కాదు, కానీ ఆ రాత్రి పాపని హైదరాబాద్‌కి తీసుకెళ్లే వెంటిలేటర్ అంబులెన్సు 18,000 ముందు కడితేనే కదులుతానంది, మా దగ్గర ఉన్నది అంతే.

పాప పుట్టిన తొమ్మిదో రోజు పాలు మానేసింది. రొమ్ము పట్టిన రెండు నిమిషాలకే నుదుటి మీద చెమట, డొక్కలెగరేయడం. దిష్టి అనుకుని ఒక పూట పోగొట్టాం. ఎకో (గుండె స్కానింగ్) తీస్తే గుండె సరిగ్గా పంపు చేయట్లేదు. కాన్పుకి ముందు తల్లికి జ్వరం, విరేచనాలు వచ్చాయి. కాక్సాకీ బి వైరస్ ఆమె నుంచే పాపకి సోకి గుండె కండరం వాచిందని డాక్టరు అన్నారు. పెద్దవాళ్లకి అది మామూలు జ్వరంలా వచ్చి పోతుందట. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో నర్సుగా చేస్తున్న మన వీధి అమ్మాయి డబ్బు పంపుతూ, 2022 జూన్ నుంచి 2023 ఏప్రిల్ మధ్య ఒక్క సౌత్ వేల్స్‌లోనే పది మంది పసిపిల్లలకి ఇలా గుండె వాచిందని రాసింది.

ఖర్చు: ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ) 14 రోజులకి 2,46,000, అంబులెన్సు 18,000, బయటి ల్యాబ్‌లో పీసీఆర్ (వైరస్‌ని గుర్తించే పరీక్ష) 8,500, తల్లిదండ్రుల బస, తిండి 9,200. ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసే యాంటీబాడీలు) ఇంజెక్షన్ 23,400. దీని దగ్గరే మేం ఆగిపోయాం. వైరస్‌కి యాంటీబయాటిక్ పనిచేయదు, ఇది కిలో బరువుకి రెండు గ్రాములు ఎక్కిస్తారు, కచ్చితంగా పనిచేస్తుందని గ్యారంటీ ఇవ్వలేనని డాక్టరే చెప్పారు. మెట్ల మీద నిలబడి ఐదుగురం మాట్లాడుకుని సరే అన్నాం. దానివల్లే కోలుకుందా అంటే మేం చెప్పలేం.

మొత్తం ఖర్చు 3,05,100. ఒక ఎకోకి రెండుసార్లు బిల్లు వేశారు, అడిగితే తీసేశారు, ఇక్కడ రాసింది తీసేశాక ఉన్న లెక్కే. టీలు, ఆటోలకి రసీదుల్లేవు, అవి మా జేబులోవే, ఇందులో కలపలేదు.

మిగిలింది 17,300. పాప ఇంటికొచ్చింది, ఇంకా మూడు మందులు నడుస్తున్నాయి, వచ్చే నెల మళ్లీ ఎకో ఉంది, మిగులు దానికే వాడతాం. రసీదుల ఫైలు రామాలయం పక్క కిరాణా కొట్లో పెట్టాం, ఎవరైనా చూసుకోవచ్చు.