నవల చదివించండి, సారాంశం రాయించకండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను గుంటూరు కొత్తపేటలో ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఇంటర్‌తో నా చదువు ఆగిపోయింది. మా పెద్దమ్మాయికి ఈ వేసవి సెలవుల్లో బడిలో ఇచ్చిన హోంవర్క్‌లో ఒకటి ఇది: ‘ఏదైనా చారిత్రక నవల చదివి రెండు పేజీల్లో సారాంశం రాయండి.’ మంచి పనే ఇచ్చారు అనుకున్నాను. ఆ సాయంత్రమే పిల్ల ఫోన్లో వెతికి పావుగంటలో రెండు పేజీలూ రాసేసింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ‘ఇందులో నీకు ఎవరు నచ్చారే?’ అని అడిగితే నోట మాట లేదు.

నాకు చాలా బాధేసింది. తర్వాతి వారం లైనింగ్ గుడ్డల కోసం విజయవాడ వన్‌టౌన్ వెళ్ళినప్పుడు, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో వెతికి, రుద్రమదేవి కాలం మీద పిల్లల కోసం రాసిన నవల ఒకటి కొన్నాను. పేరు రాయడం లేదు, ఏ నవలనైనా ఇలాగే చదవచ్చు కాబట్టి.

మేలో నాకు పెళ్ళిళ్ళ పని ఊపిరాడనివ్వదు. అయినా రోజూ మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు మిషన్ ఆపేశాను. చీరలకు ఫాల్ కుట్టడం, హుక్కులు వేయడం, ఇలా చేత్తో చేసే పనంతా ఆ గంటకి దాచుకున్నాను. మా ఇద్దరు పిల్లలు, వీధిలో ముగ్గురు, వంతులవారీగా పైకి చదివేవాళ్ళు. రోజుకి ఒక్క ప్రకరణమే. ఇంకొకటి చదువుతామని గొడవ చేసినా ఒప్పుకోలేదు. అర్థం కాని మాట వస్తే అక్కడే ఆగడం. ‘సుంకం’ దగ్గర ఒకసారి, ‘సామంతుడు’ దగ్గర ఒకసారి చాలాసేపు ఆగిపోయాం.

మోటుపల్లి రేవు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మన చీరాల దాటాక ఉండే ఊరే అది. తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా అంతకుముందు రాజులు తీసేసుకునేవాళ్ళట. రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు ఆ పద్ధతి మానేసి, రావలసిన సుంకం మాత్రమే తీసుకుంటానని 1244లో అక్కడ అభయశాసనం వేయించాడు. పక్కింటి అబ్బాయి చదవడం ఆపేసి, ‘పిన్నీ, మునిగిపోయినవాళ్ళ సామాను రాజుగారు తీసుకోవడమేంటి, దొంగతనం కాదా?’ అన్నాడు. వాడికి ఏడో తరగతి. ఆ రోజు ఇక చదువు సాగలేదు, గంటంతా దాని మీదే వాదన.

ఇది నిజంగా జరిగిందా, రచయిత కల్పించాడా అని రోజూ అడుగుతుంటే ఒక పద్ధతి పెట్టుకున్నాం. శాసనాల్లో ఉన్న సంగతైతే ఆ పేజీలో ఎర్ర దారం ముక్క, కల్పన అయితే నీలం దారం. నా దగ్గర దారం ముక్కలకి కొదవ లేదు. తేలనివన్నీ చీటీ మీద రాసుకుని, ఆదివారం బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయానికి వెళ్ళి పుస్తకాల్లో చూసుకునేవాళ్ళం. ఇటలీ యాత్రికుడు మార్కోపోలో ఈ మోటుపల్లి రేవు ఉన్న దేశాన్ని ‘ముత్ఫిలి’ అన్నాడనీ, ఇక్కడి బట్ట సాలెగూడంత పల్చగా ఉంటుందని రాశాడనీ అక్కడే తెలిసింది. అది విన్నప్పుడు నా చేతిలో ఉన్న పాలియెస్టర్ ఫాల్ వంక చూసుకున్నాను. అదే మార్కోపోలో రుద్రమదేవిని రాజుగారి భార్య అనుకున్నాడు. ‘కూతురు కదా, తప్పు రాశాడు!’ అని మా చిన్నది ఎగిరి గంతేసింది. పుస్తకంలో అచ్చయిన మాట కూడా తప్పు కావచ్చని ఆ పిల్లకి తొమ్మిదేళ్ళకే తెలిసింది.

ఒక ఆదివారం పొద్దున్నే మా ఆయన ఆటోలో అందరం సర్దుకుని తాడికొండ, తుళ్ళూరు మీదుగా మల్కాపురం వెళ్ళాం. ఇప్పుడు సచివాలయం ఉన్న వెలగపూడి దాని పక్కనే. ఆ ఊళ్ళో 1261 నాటి శాసన స్తంభం ఉంది. మందడం, వెలగపూడి గ్రామాలను రుద్రమదేవి రాజగురువు విశ్వేశ్వర శివాచార్యులకు ఇచ్చినట్టు, ఆ ఆదాయంతో ప్రసూతిశాల, ఆరోగ్యశాల, చదువుకునే పిల్లలకు వసతి, అన్నసత్రం నడిపినట్టు దాని మీద ఉంది. మా పెద్దది రాతి మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం మీదుగా నెమ్మదిగా జరిపింది. అర్థమైనవి ఒకటో రెండో. మా పిల్లలిద్దరూ గుంటూరు పెద్దాసుపత్రిలో పుట్టారు. ఏడు వందల అరవై ఏళ్ళ కిందట ఇంత దగ్గర్లో కాన్పుల కోసం ఒక చోటు ఉండేదంటే నాకు ఒళ్ళు పులకరించింది. ఆ రాయి సంగతి అంతకుముందు నాకూ తెలియదు.

నవల పట్టాభిషేకంతో అయిపోయింది. ‘తర్వాత ఏమైంది?’ అని ఐదుగురూ పట్టుబట్టారు. నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన శాసనం వల్ల రుద్రమదేవి 1289లో చనిపోయిందని తెలుస్తోందని చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఫోన్లో చూసి రాసిన ఆ రెండు పేజీలనూ మా పెద్దది తనే చింపేసింది.

ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. సారాంశం అడగొద్దు, అది ఫోన్ కూడా రాసిపెడుతుంది. ‘ఏ పేజీ దగ్గర ఆగిపోయావు, ఎందుకు?’ అని అడగండి. ఏది నిజం, ఏది కల్పన అనుకున్నావో రాసుకు రమ్మనండి. మార్కులు వేయకపోయినా పర్వాలేదు.

మీకు కూడా ఒక మనవి. వచ్చే ఏడాది సెలవులు ఇచ్చిన దగ్గర్నుంచి బడి తెరిచేదాకా, పిల్లల కోసం ఒక చారిత్రక నవలను రోజుకో ప్రకరణం చొప్పున మీ పత్రికలో వేయండి. పావు పేజీ చాలు, అక్షరాలు కాస్త పెద్దవిగా ఉంటే మేలు. కింద ఒక్క వాక్యంలో, ఆ కథలోని చోటు ఇప్పుడు ఏ ఊళ్ళో ఉందో, అక్కడికి ఎలా వెళ్ళాలో రాయండి. మా వీధిలో చదివే పిల్లలు ఇప్పటికే ఐదుగురు ఉన్నారు. రెండింటికి నేను మిషన్ ఆపేస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కొత్తపేట, గుంటూరు.