ఏజెన్సీ కొండదారులకు ఒక పద్ధతి కావాలి

సంపాదకులకు,

నమస్కారం. వానలు తగ్గి చలి మొదలైతే చాలు, శనివారం రాత్రి విశాఖపట్నం నుంచి పాడేరు ఏజెన్సీ (కొండల్లోని గిరిజన ప్రాంతం) వైపు బయలుదేరే కార్లకూ మోటారు సైకిళ్లకూ లెక్క ఉండదు. తెల్లవారేసరికి వంజంగి కొండ మీద నిలబడి మేఘాలను చూడాలని అందరికీ ఆశ. ఆ ఆశను నేను తప్పుపట్టను. ఫోను పక్కన పెట్టి పిల్లలు కొండెక్కుతున్నారంటే సంతోషించాల్సిందే. నా ఆందోళన వంజంగితో తృప్తిపడని వారి గురించి. వారు తారురోడ్డు ఆగిపోయిన ఊళ్లు దాటి, సెల్ సిగ్నల్ అందని శిఖరాలకు ముగ్గురు నలుగురు చొప్పున వెళ్లిపోతున్నారు. ఎవరు వెళ్లారో, ఎటు వెళ్లారో, తిరిగి దిగారో లేదో నమోదయ్యే చోటు లేదు.

తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తైన జిందగడ శిఖరం మన పాత విశాఖ జిల్లాలోదే. ఎత్తు సుమారు 1,690 మీటర్లు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అది అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. ఒడిశా వైపున్న దేవమాలి శిఖరం దానికంటే కొద్ది మీటర్లే తక్కువ. హిమాలయాల ముందు ఇవి చిన్నవే. అందుకే చాలామంది చేతిలో ఒక నీళ్ల సీసాతో, కాళ్లకు చెప్పులతో బయలుదేరతారు. ఈ కొండల్లో ప్రమాదం ఎత్తులో లేదు. సంతకు వెళ్లే దారి, పశువులు నడిచే దారి, పోడుకు వెళ్లే దారి ఒకదానిలో ఒకటి కలిసి మళ్లీ చీలిపోతాయి. ఊరివారికి ప్రతి మలుపూ తెలుసు. కొత్తవారికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మంచు దిగితే పది అడుగుల అవతల ఏముందో తెలియదు. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు, లోయలో అంతకంటే ముందే చీకటి పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక ఉరుములు, పిడుగులు. పైన వాన కురిస్తే పొద్దున మోకాలి లోతులో దాటిన గెడ్డ (కొండవాగు) సాయంత్రానికి దాటనివ్వదు.

అక్కడ ఎవరైనా కాలు విరగ్గొట్టుకుంటే ముందుగా వెళ్లేది ఎవరు? 108 వాహనం రోడ్డు ఉన్నంత వరకే వస్తుంది. మిగిలిన దూరం దగ్గరి గూడెం మనుషులు డోలీ కట్టి మోస్తారు. తమ ఇళ్లలోని గర్భిణులను, జ్వరంతో పడిపోయిన పెద్దలను ఇప్పటికీ అలాగే మోసుకొస్తున్నవారు వాళ్లు. ఆ భుజాల మీద మన సరదా బరువు కూడా పెట్టి, వారికి చిల్లిగవ్వ దక్కకుండా, పైగా ఖాళీ సీసాలు వాళ్ల గెడ్డలో పడేసి రావడం నాకు మనస్తాపం కలిగిస్తోంది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని నీరు తాటిపూడి జలాశయం మీదుగా మన నగరానికి వస్తుందన్న సంగతైనా మనకు గుర్తుండాలి కదా.

దారులు మూసేయమని నేను అడగడం లేదు. ఏదైనా దుర్ఘటన జరిగిన మర్నాడు నిషేధం విధించి, నాలుగు నెలల తర్వాత మరిచిపోవడం మనకు అలవాటు. తమిళనాడులో 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి అడవిలో మంటలు చుట్టుముట్టి ఇరవై మందికి పైగా ట్రెక్కింగ్ చేసేవారు చనిపోయారు. ఆ ఏడాదే అక్కడ నియమాలు రాశారు. 2024లో ప్రభుత్వమే నలభై దారులను గుర్తించి, కష్టాన్ని బట్టి వర్గీకరించి, స్థానిక యువతను గైడ్లుగా పెట్టి, ఆన్‌లైన్‌లో నమోదు మొదలుపెట్టింది. కర్ణాటకలోనూ రద్దీ మితిమీరిన కొండదారులకు రోజువారీ పరిమితి పెట్టి ముందస్తు నమోదు తప్పనిసరి చేశారు. వాళ్లు చేయగలిగిన పని మనకు ఎందుకు అసాధ్యం కావాలి?

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. పర్యాటకం పేరు చెప్పి శిఖరం దాకా రోడ్డు వేయాలనే ఆలోచన ఎక్కడున్నా మానుకోవాలి. దేవమాలిపై శిఖరం సమీపం దాకా వాహనాలు వెళ్తాయి. వాహనం వెళ్లిన చోటికి సౌండు బాక్సులు, ప్లాస్టిక్ పళ్లేలు కూడా వెళ్తాయి. ఊరికి రోడ్డు వేయండి, అది గిరిజనుల హక్కు, దశాబ్దాలుగా అడుగుతున్నారు. శిఖరానికి కాలిబాట చాలు. దానికి సిమెంటు మెట్లూ అక్కర్లేదు. చీలిక దగ్గర రాయి మీద రంగు గుర్తు, గెడ్డ దగ్గర హెచ్చరిక, మలుపుల్లో అడ్డదారులు తొక్కి మట్టి కోసుకుపోకుండా వెదురు కంచె. ఈ పని ఊరి కుర్రవాళ్లే నెల రోజుల్లో చేయగలరు.

ఇది గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం ప్రత్యేకంగా గుర్తించిన ఐదో షెడ్యూలు ప్రాంతం. ఇలాంటి ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారాలు ఉన్నాయి. కాబట్టి ఏ దారి తెరవాలి, రోజుకు ఎందరిని పంపాలి, దేవతల కొండల్లో వేటిని బయటివారికి తెరవకూడదు అన్నది గ్రామసభ తేల్చాలి. రుసుము వసూలైతే అందులో పెద్ద వాటా ఆ ఊరికే చేరాలి. గైడుకు ప్రథమ చికిత్సలో శిక్షణ, ఒక వైర్‌లెస్ సెట్టు, బీమా ఇవ్వాలి. మధ్యాహ్నం రెండు దాటాక పైకి ఎవరినీ వదలకూడదు. కొండ దిగినవారి పేరు పుస్తకంలో కొట్టేసే వరకు ఆ రోజు లెక్క ముగియకూడదు.

కొత్తగా నేర్చుకునేవారికి నగరం అంచునే కంబాలకొండ అభయారణ్యం ఉంది. విశాఖలోని కళాశాలలు ముందు అక్కడ అటవీ శాఖ అనుమతితో నడక నేర్పి, ఆ తర్వాతే పిల్లలను ఏజెన్సీకి తీసుకెళ్తే బాగుంటుంది.

ఈసారి చలికాలం రద్దీ మొదలయ్యేలోగా అల్లూరి జిల్లా యంత్రాంగం, అటవీ శాఖ, ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) కలిసి జిందగడ చుట్టుపక్కల గ్రామసభలను సంప్రదించి ఒక్క దారితోనైనా ఈ పద్ధతి మొదలుపెట్టాలని కోరుతున్నాను. ఆ గ్రామాల వారి అభిప్రాయాలను కూడా మీ పత్రికలో ప్రచురించమని మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సీతమ్మధార, విశాఖపట్నం