మూడో వారం ఫోన్

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల టైంటేబుల్, క్రీడల వివరాలు లోపలి పేజీల్లో ఉన్నాయి. ఈ ఉత్తరం మాత్రం ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాంలో విదేశాలకు వెళ్లిన మన పిల్లల గురించి. వాళ్ల ఇళ్ల నుంచి ఈమధ్య నాకు వస్తున్న ఫోన్లన్నీ దాదాపు ఒకేలా ఉంటున్నాయి. "మొదట్లో బాగానే ఉంది మేడం, ఇప్పుడు ఫోన్ ఎత్తితే చాలు ఏడుపే. వెనక్కి పిలిపించేద్దామా?" వచ్చే ఏడాది పంపుదామనుకుంటున్నవాళ్లకు కూడా పనికొస్తుందని అందరికీ కలిపి రాస్తున్నాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను. వద్దు. కనీసం ఇప్పుడప్పుడే వద్దు.

దిగిన కొత్తలో పిల్లలకు అన్నీ వింతే. బస్సు ఫొటో, బడి ఫొటో, కిటికీలోంచి కనిపించే చెట్టు ఫొటో. ఆ హుషారు చాలామందికి రెండో వారంలోనో మూడో వారంలోనో దిగిపోతుంది. 'కల్చర్ షాక్' అనే మాటను జనంలోకి తెచ్చిన మానవశాస్త్రవేత్త కాలెర్వో ఓబెర్గ్ 1954లో రియో డి జనీరోలో చేసిన ప్రసంగంలో దీని గురించే చెప్పారు. ఎవరికి ఎలా పలకరింపు చెప్పాలి, ఎప్పుడు నవ్వాలి, ఎప్పుడు వద్దనాలి అనేవి సొంతచోట మనకు ఆలోచించకుండానే తెలుస్తాయి. అవన్నీ ఒక్కసారిగా పనిచేయకుండా పోతే మనిషికి కాళ్ల కింద నేల కదిలినట్టుంటుంది. 1955లో నార్వే సామాజికశాస్త్రవేత్త స్వెర్రె లిస్‌గార్డ్, ఫుల్‌బ్రైట్ అనే అమెరికా స్కాలర్‌షిప్ మీద అక్కడ ఉండి వచ్చిన తన దేశస్తులను గమనించి, మొదట ఉత్సాహం, తర్వాత కుంగుబాటు, ఆ తర్వాత కోలుకోవడం అనే వరుసను చూపించారు. తర్వాతి పరిశోధకుల్లో చాలామంది ఇది అందరికీ సరిపోదన్నారు. నాకూ అలాగే అనిపిస్తుంది. కొందరు పిల్లలకు మొదటి రాత్రే కష్టం, కొందరికి మూడో నెలలో. కాబట్టి క్యాలెండర్ చూసి మీ పిల్లవాడిని కొలవకండి.

అసలు ఆ దిగులు ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. సగం అలసటే. రాత్రి భోజనాల బల్ల దగ్గర హోస్ట్ కుటుంబం, అంటే పిల్లవాడిని తమ ఇంట్లో ఉంచుకునే అక్కడి కుటుంబం, అంతా ఒకేసారి మాట్లాడుతుంటుంది. మనవాడికి అందులో సగం అర్థమవుతుంది. తనూ ఒక మాట అందామని మనసులో వాక్యం కూర్చుకునేసరికి వాళ్లు ఇంకో విషయంలోకి వెళ్లిపోయి ఉంటారు. జోకు పేలితే అందరూ నవ్విన తర్వాత తనూ నవ్వుతాడు. బడిలో పీరియడ్ పీరియడ్‌కీ గది మారే పద్ధతి ఉంటే, ప్రతి గంటకూ కొత్త ముఖాలే. మధ్యాహ్నం భోజనానికి ఎవరి పక్కన కూర్చోవాలన్నది రోజూ కొత్త టెన్షనే. రోజంతా చెవులు రిక్కించి వినీ వినీ సాయంత్రానికి తల దిమ్మెక్కిపోతుంది. భాష బాగా వచ్చిన పిల్లలకు కూడా ఇది తప్పదు, ఎందుకంటే పుస్తకంలో నేర్చుకున్న భాష వేరు, అక్కడి పిల్లలు కారిడార్‌లో గబగబా మాట్లాడేది వేరు. దీనికి తోడు నిద్ర. శరీరంలోని గడియారం టైంజోన్‌కు సుమారు ఒక రోజు చొప్పున సర్దుకుంటుంది, తూర్పువైపు ప్రయాణిస్తే ఇంకా నెమ్మదిగా. మొదటి వారం ఏడుపులో నిద్రలేమి వాటా ఎంతో మనం లెక్కలోకి తీసుకోం.

మిగతా సగం మొహమాటం. రోటరీ క్లబ్బులు నడిపే రోటరీ యూత్ ఎక్స్ఛేంజ్‌లో 'మొదటి రాత్రి ప్రశ్నలు' అని ఒక జాబితా ఇస్తారు. మిమ్మల్ని ఏమని పిలవాలి? విడిచిన బట్టలు ఎక్కడ వేయాలి? పొద్దున్నే బాత్రూం నాకు ఎప్పుడు ఖాళీ ఉంటుంది? ఆకలేస్తే ఫ్రిజ్ తెరవొచ్చా? ఎన్ని గంటలకల్లా ఇంటికి రావాలి? చదవడానికి చిన్నపిల్లల ప్రశ్నల్లా ఉంటాయి. కానీ వీటిని అడక్కపోతే ఏమవుతుందో ఒకటి చెబుతాను. మన దగ్గరి నుంచి వెళ్లిన ఒకబ్బాయి, వాషింగ్ మెషీన్ తను ముట్టుకోవచ్చో లేదో తెలియక, మాసిన బట్టలన్నీ సూట్‌కేసులో కుక్కి తాళం వేశాడు. ఉన్న రెండు చొక్కాలూ రాత్రిపూట సింకులో తడిపి, కుర్చీ మీద ఆరేసుకుని, తెల్లారి చెమ్మతోనే తొడుక్కుని బడికి వెళ్లేవాడు. ఆ ఇంటావిడేమో అబ్బాయికి తన బట్టలు ఎవరూ తాకడం ఇష్టంలేదు కాబోలని ఊరుకుంది. ఇద్దరూ మర్యాదస్తులే! అబ్బాయి ఫోన్‌లో తల్లికి చెప్పింది మాత్రం "ఇక్కడ నన్నెవరూ పట్టించుకోవట్లేదు" అని.

ఇలాంటప్పుడు మీరు చేయగలిగింది ఒకటే: "వాళ్లను అడిగావా?" అని అడగడం. ఇక్కడి నుంచి మీరు హోస్ట్ కుటుంబానికి నేరుగా మెసేజ్ పెట్టి సమస్య తీర్చేయకండి. అప్పటికి తీరినట్టే ఉంటుంది గానీ, ఆ ఇంట్లో నోరు విప్పే అలవాటు పిల్లవాడికి రాదు.

ఇక వీడియో కాల్స్. ఈ విషయంలో నేను కొంచెం మొండిదాన్నే. రోజూ గంటసేపు మాట్లాడితే, మనిషి అక్కడా మనసు ఇక్కడా అవుతుంది. తలుపేసుకుని ఫోన్‌లో ఉన్న పిల్లను చూసి హోస్ట్ కుటుంబం తాము నచ్చలేదనుకుంటుంది. ఎక్స్ఛేంజ్ సంస్థలు కూడా మొదటి నెలల్లో ఇంటికి ఫోన్లు తగ్గించమనే చెబుతాయి. ఏఎఫ్ఎస్ అనే ఎక్స్ఛేంజ్ సంస్థ 1947లో స్కూలు పిల్లలను దేశాలు దాటించడం మొదలుపెట్టినప్పుడు ఉత్తరాలే దిక్కు. ఆ రోజులే మేలని అనను. ఆపద వస్తే వెంటనే తెలియడం ఇప్పటి వరం. వారానికొకసారి, ఒక నిర్ణీత సమయానికి మాట్లాడుకోండి. "ఏడ్చావా?" అని మొదలుపెట్టకుండా "ఈ వారం కొత్తగా ఎవరి పేరు తెలిసింది?" అని అడగండి. బృందగానం, పరుగు, నాటకంలో తెరవెనుక పని లాంటివాటిలో చేరమనండి. అక్కడ పెద్దగా మాట్లాడకపోయినా నలుగురిలో ఒకరిగా ఉండొచ్చు.

అయితే అన్నిటికీ ఓపిక పట్టమని కాదు. తిండి, నిద్ర రోజుల తరబడి తగ్గినా, బడికి వెళ్లడం మానేసినా, బతకాలని లేదనే మాట వచ్చినా, ఇంట్లో ఎవరి ప్రవర్తన అయినా ఇబ్బందిగా ఉందన్నా, పాస్‌పోర్ట్ తీసుకున్నారన్నా ఒక్క గంట కూడా ఆగకండి. ముందు స్థానిక కోఆర్డినేటర్‌కు (అక్కడ సంస్థ తరఫున పిల్లలను చూసుకునే ప్రతినిధికి), దొరక్కపోతే సంస్థ ఎమర్జెన్సీ నంబరుకు, ఆ తర్వాత నాకు ఫోన్ చేయండి, అర్ధరాత్రి అయినా సరే. ఈ ఏర్పాట్లు మొక్కుబడివి కావు. ఉదాహరణకు అమెరికాకు జె-1 అనే ఎక్స్ఛేంజ్ వీసా మీద వెళ్లే హైస్కూల్ పిల్లల విషయంలో, హోస్ట్ ఇంట్లో 18 ఏళ్లు, అంతకు పైబడినవాళ్లందరి నేర చరిత్ర ముందే తనిఖీ చేయాలి. సంస్థ ప్రతినిధి విద్యార్థి ఉండే చోటికి 120 మైళ్ల లోపే నివసించాలి, కనీసం నెలకోసారి విద్యార్థితో మాట్లాడాలి. మీ కోఆర్డినేటర్ ఈ నెల మాట్లాడారో లేదో అడిగే హక్కు మీకుంది.

ఇల్లు మారడం తప్పూ కాదు, ఓటమీ కాదు. రోటరీలో ఏడాదిలో ఒకటికి మించి ఇళ్లలో ఉండటం మామూలే. కాకపోతే ఆ మాట కోఆర్డినేటర్ ముందు, పిల్లల నోటి నుంచే రావాలి.

అక్కడి మార్కులను ఇక్కడ ఎలా సర్దుబాటు చేస్తారని చాలామంది అడుగుతున్నారు. అక్కడి బడి ఇచ్చే మార్కుల పత్రం వచ్చాక మాట్లాడుకుందాం, ఇప్పుడు దాని గురించి పిల్లలను ఊదరగొట్టకండి. తోటి విద్యార్థులు వాట్సాప్‌లో రోజూ నోట్సు పంపుతున్నారని తెలిసింది. మంచి మనసే, కానీ వారాంతానికి ఒకసారి చాలని వాళ్లకు చెప్పాను.

ఈ నెల చివరి శనివారం ఉదయం 10 గంటలకు, పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులతో స్కూలు లైబ్రరీలో సమావేశం పెడుతున్నాం. కోఆర్డినేటర్ పేరు, నంబరు, సంస్థ ఎమర్జెన్సీ నంబరు, బీమా కాగితాల కాపీ తెచ్చి ఆఫీసులో ఇవ్వండి. వచ్చే ఏడాది పంపే ఆలోచన ఉన్నవాళ్లు కూడా రావచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు