చేయెత్తిన వారి పేర్లు నమోదు కావాలి

సంపాదకులకు నమస్కారం.

నగరాల్లో ఇళ్లు మునిగిన ప్రతిసారీ పూడిక తీయించని అధికారినో, కాలువను ఆక్రమించినవారినో, చివరికి వాననో తప్పుపడుతున్నాం తప్ప, ఆ పల్లపు భూమిని నివాస ప్రాంతంగా మార్చడానికి చేయెత్తిన ప్రజాప్రతినిధులను ఎవరూ నిలదీయడం లేదు. నిలదీయాలన్నా వారెవరో తెలిసే దారి చాలాచోట్ల లేదు. భూ వినియోగ మార్పిడి తీర్మానం అజెండా చివరన వస్తుంది, సభ్యులు లేచి వెళ్లే హడావిడిలో మూజువాణి ఓటుతో గట్టెక్కుతుంది, మినిట్స్ పుస్తకంలో 'ఆమోదించడమైనది' అన్న ఒక్క మాట మిగులుతుంది. పదేళ్ల తర్వాత నీళ్లు గడప దాటేసరికి ఆ పాలకమండలే ఉండదు.

అమెరికాలోని హ్యూస్టన్‌లో జరిగింది చూడండి. అక్కడ 1940లలో వరద నియంత్రణ కోసం ఆడిక్స్, బార్కర్ జలాశయాలు కట్టినప్పుడు, నీరు నిలిచే అవకాశమున్న భూమినంతటినీ ప్రభుత్వం సేకరించలేదు. మిగిలిన భూమిలో తర్వాతి దశాబ్దాల్లో కాలనీలు వెలిశాయి. కొన్ని లేఅవుట్ పటాల మీద ఈ స్థలం ముంపునకు గురికావచ్చన్న హెచ్చరిక కూడా ఉంది. అంటే ప్రమాదం కాగితం మీద కనిపిస్తుండగానే అనుమతి ముద్ర పడింది. 2017లో హార్వీ తుపానుకు వేల ఇళ్లు మునిగాయి. 2019లో కోర్టు, ఆ జలాశయాలు కట్టిన ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వాన్నే ఇందుకు బాధ్యురాలిగా తేల్చింది. ఆ పరిహారం వచ్చేది ప్రజాధనం నుంచే. లేఅవుట్లు ఆమోదించినవారు ఆ దావాలో ప్రతివాదులే కారు.

ఇది మార్చలేనిది కాదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో, నిర్మాణ అనుమతులలో అవినీతిపై విచారణ దరిమిలా 2008లో వులంగాంగ్ నగర పాలకమండలినే రద్దు చేశారు. స్థిరాస్తి వ్యాపారులు రాజకీయ విరాళాలు ఇవ్వకూడదని 2009లో నిషేధం తెచ్చారు. దాన్ని 2015లో అక్కడి హైకోర్టు, అంటే ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం, సమర్థించింది. వీటన్నిటికన్నా నాకు విలువైనదిగా తోచేది మరొకటి: ప్రణాళికా నిర్ణయాల మీద ఏ సభ్యుడు అనుకూలంగా, ఏ సభ్యుడు వ్యతిరేకంగా ఓటు వేశారో పేరుపేరునా రిజిస్టరులో నమోదు చేయాలని అక్కడి స్థానిక సంస్థల చట్టం చెబుతుంది.

ప్రతి తప్పు నిర్ణయం వెనుకా లంచం ఉంటుందని నేను అనడం లేదు. జనాభా అంచనాలు తలకిందులు కావచ్చు, పెరిగే కుటుంబాలకు ఇళ్లూ కావాలి. సద్బుద్ధితో పొరబడినవారిని శిక్షించమని ఎవరూ కోరరు. కానీ 'ఇది వరద నీరు పారే దారి' అని ఇంజినీరు రాతపూర్వకంగా చెప్పినా తోసిపుచ్చినవారిని వారితో ఒకే గాటన కట్టలేం. ఆ తేడా తెలియాలంటే ఇంజినీరు అభ్యంతరం, దాన్ని కాదనడానికి సభ్యులు చెప్పిన కారణం, పేర్లతో సహా ఓట్ల వివరం, మూడూ ఒకే దస్త్రంలో ఉండి, పదవీకాలం ముగిశాక కూడా ఎవరడిగినా చూపించేలా చట్టం కావాలి. ఎదురు నిలిచి ఓడిపోయిన ఒకరిద్దరు సభ్యులకు కూడా ఆ దస్త్రమే రక్ష.

మీ పత్రిక కూడా స్థానిక ఎన్నికల సమయంలో అభ్యర్థుల ఆస్తుల వివరాలతో పాటు, గతంలో వారు ఏయే భూ వినియోగ మార్పులకు ఓటు వేశారో ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు